పిల్లల సైకిల్ రైడ్ ఫోన్‌లో నమోదైతే... ఏం చూడాలి? ఎవరికి చూపించాలి?



సెలవులు వస్తే చాలా ఇళ్లలో సైకిళ్లు బయటికి వస్తాయి. కొన్నేళ్ల క్రితం వరకు "ఎంత దూరం తొక్కావురా?" అని అడిగితే "చెరువు గట్టు దాకా", "కాలనీ చుట్టూ నాలుగు రౌండ్లు" అని జవాబు వచ్చేది. ఇప్పుడు అయిదో తరగతి పిల్లలు కూడా "6.4 కిలోమీటర్లు, సగటు వేగం 11" అని చెబుతున్నారు. చేతికి ఉన్న స్మార్ట్‌వాచో, జేబులో ఉన్న అమ్మ ఫోనో ఆ లెక్క రాసిపెడుతోంది.

ఇందులో మంచి చాలా ఉంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒంటికి బాగా పని చెప్పే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యూషన్లు, హోంవర్కు, టీవీ పోగా మిగిలే సమయంలో ఆ గంట దొరకడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. నిన్నటి కంటే ఈ రోజు కొంచెం ఎక్కువ తొక్కానన్న లెక్క కళ్ల ముందు ఉంటే పిల్లలు తమంతట తామే బయటికి వెళ్తారు.

అయితే అదే నమోదులో మీ ఇల్లు ఎక్కడుందో, మీ అబ్బాయి లేదా అమ్మాయి ఏ సమయానికి ఏ దారిలో ఒంటరిగా వెళ్తారో కూడా ఉంటుంది. అందుకే ఈ నెల మూడు సంగతులు చూద్దాం: ఫోన్ ఈ లెక్క ఎలా కడుతుంది, ఆ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు, ఆ మ్యాప్ ఎవరి కంట పడాలి, ఎవరి కంట పడకూడదు. ఇక్కడ రైడ్ అంటే పెడల్ సైకిల్ రైడ్ అనే అర్థం.

ఫోన్‌కు దూరం ఎలా తెలుస్తుంది?

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఇవి అమెరికావి. రష్యాకు గ్లోనాస్, ఐరోపాకు గెలీలియో, చైనాకు బైడూ, మన దేశానికి నావిక్ అనే వ్యవస్థలు ఉన్నాయి. నేటి ఫోన్లు, వాచీలు సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ వ్యవస్థల సంకేతాలను అందుకుంటాయి.

ఒక్కో ఉపగ్రహం తాను ఎక్కడుందో, తనలోని అణు గడియారంలో సమయం ఎంతో ఆగకుండా ప్రసారం చేస్తుంటుంది. ఆ సంకేతం మన ఫోన్‌ను చేరడానికి సుమారు 0.07 సెకను పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోన్ లెక్కగడుతుంది. మన చోటు తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. మూడింటితో స్థానం తెలుస్తుంది కదా, నాలుగోది ఎందుకు? ఫోన్‌లో ఉన్నది అణు గడియారం కాదు కాబట్టి, దాని సమయంలోని తప్పును సరిచేసుకోవడానికి నాలుగోది అవసరం. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇది మంచి చర్చాంశం: తెలియని రాశులు నాలుగు, కాబట్టి సమీకరణాలూ నాలుగు కావాలి.

ఇలా ప్రతి సెకనుకో, కొన్ని సెకన్లకో ఒకసారి యాప్ ఒక చుక్క పెట్టుకుంటుంది. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు ఉన్న దూరాలన్నీ కూడితే మొత్తం దూరం, దాన్ని సమయంతో భాగిస్తే వేగం.

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి డేటా కావాలా? రైడ్‌ను నమోదు చేయడానికి అక్కర్లేదు. ఉపగ్రహ సంకేతం అందుకోవడానికి సిమ్‌తో గానీ ఇంటర్నెట్‌తో గానీ పని లేదు. నెట్ ఉంటే మొదట్లో స్థానం త్వరగా దొరుకుతుంది, అంతే. పిల్లవాడు ఎక్కడున్నాడో మీరు ఇంట్లో కూర్చుని అప్పటికప్పుడు చూడాలంటే మాత్రం డేటా కావాలి. నమోదు వేరు, లైవ్‌లో చూపడం వేరు. ఈ తేడా గుర్తుంటే ఇకపై చెప్పబోయే విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

లెక్క ఎందుకు తప్పుతుంది?

సంకేతం కాంతి వేగంతో ప్రయాణిస్తుంది. అందువల్ల సమయంలో సెకనులో వంద కోట్లో వంతు తేడా వచ్చినా దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఆకాశం బాగా కనిపించే మైదానంలో ఫోన్ చూపే చోటు సాధారణంగా 5 మీటర్ల అటూ ఇటుగా ఉంటుంది. ఎత్తయిన అపార్ట్‌మెంట్ల మధ్య సంకేతం గోడలకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది. ఫోన్ దాన్ని ఎక్కువ దూరంగా లెక్కించి, మీ అమ్మాయి పక్క వీధిలో తొక్కినట్టు గీత గీస్తుంది. దట్టమైన చెట్ల కింద, ఫ్లైఓవర్ కింద కూడా ఇదే సమస్య.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చుక్కలు అటూ ఇటూ కదులుతూ తొక్కని దూరాన్ని కలుపుతాయి. మలుపుల దారిలో చుక్కలు దూరంగా పడితే మూలలు కోసేసి ఉన్న దూరాన్ని తగ్గిస్తాయి. కాబట్టి ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే తొక్కి వచ్చినా ఒకరి ఫోన్ 10.0 అని, మరొకరి వాచ్ 10.2 అని చూపవచ్చు. ఎవరూ అబద్ధం ఆడటం లేదు. పిల్లలు దీని గురించి గొడవపడితే ఈ విషయం చెప్పండి.

ఇంకో సమస్య ఫోన్ సెట్టింగుల వల్ల వస్తుంది. మ్యాప్ మీద చెరువును, ఇళ్లను దాటుకుంటూ ఒక పొడవాటి సరళరేఖ కనిపిస్తే, చార్జింగ్ ఆదా చేయడానికి ఫోన్ మధ్యలో యాప్‌ను ఆపేసిందని అర్థం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇలా జరుగుతుంది. కింది జాగ్రత్తలు తీసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది:

• ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగానికి వెళ్లి, ఆ ఒక్క యాప్‌కు నియంత్రణ లేకుండా అనుమతి ఇవ్వండి.
• ఆరుబయట నిలబడి, జీపీఎస్ దొరికిందని యాప్ చూపించాకే స్టార్ట్ నొక్కమని చెప్పండి.
• నమోదు మొదలయ్యాక స్క్రీన్ ఆపేయండి. చార్జింగ్‌ను ఎక్కువగా తినేది స్క్రీనే.
• ఆగినప్పుడు లెక్క తనంతట తాను ఆగే ఆటో పాజ్ ఆన్ చేసి ఉంచండి.

ఫోనా, వాచా, సైకిల్ మీటరా?

ఇంట్లో ఫోన్ ఉంటే కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. జిప్ ఉన్న జేబులోనో, సీటు కింద కట్టే చిన్న సంచిలోనో పెడితే సరిపోతుంది. హ్యాండిల్ మీద బిగించే స్టాండు పిల్లలకు వద్దు. కళ్లు రోడ్డు మీద నుంచి స్క్రీన్ మీదకు పోతాయి, గుంతల రోడ్డులో ఫోన్ ఎగిరి పడే ప్రమాదమూ ఉంది. ప్రతి కిలోమీటరుకు దూరాన్ని పైకి చదివి చెప్పే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంటుంది. జేబులోని ఫోన్ స్పీకర్‌లో అది వింటే చాలు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కనివ్వకండి, వెనక నుంచి వచ్చే ఆటో చప్పుడు వినపడాలి.

స్మార్ట్‌వాచ్ కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఇందులో సొంత జీపీఎస్ ఉందా, లేక పక్కన ఫోన్ ఉండాలా? తక్కువ ధర వాచీల్లో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు. ఫోన్ ఇంట్లో వదిలి వెళ్తే అవి దూరాన్ని అంచనా మాత్రమే వేస్తాయి. చేయి ఊపు ఆధారంగా అంచనా వేసే వాచ్‌కు సైకిల్ దూరం అసలు తెలియదు, ఎందుకంటే హ్యాండిల్ పట్టుకున్న చేయి ఊగదు.

చక్రానికి అయస్కాంతమో సెన్సారో బిగించే పాత తరహా సైకిల్ మీటర్‌ను కూడా తక్కువగా చూడకండి. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, చుట్టుకొలతతో గుణించడమే దాని పని. చెట్లూ మేడలూ దానికి అడ్డు కావు. పైగా అది మ్యాప్ గీయదు కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పదు. చిన్నపిల్లలకు అది చాలు.

అంకెలను ఎలా చదవాలి?

సగటు వేగం: మీ అబ్బాయి 12 కిలోమీటర్లు తొక్కి గంటకు ఇంటికి వచ్చాడు, అందులో 15 నిమిషాలు చెరుకు రసం బండి దగ్గర ఆగాడు అనుకోండి. మొత్తం సమయంతో లెక్కేస్తే వేగం గంటకు 12 కిలోమీటర్లు. తొక్కిన 45 నిమిషాలతో లెక్కేస్తే 16. రెండూ నిజమే. పోల్చేటప్పుడు ఒకే రకం లెక్కను పోల్చాలి.

ఎక్కిన ఎత్తు: జీపీఎస్ అడ్డంగా చూపేంత కచ్చితంగా నిలువుగా చూపలేదు. గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్ ఉన్న పరికరాలు మెరుగు, సుమారు 8 మీటర్లు పైకి వెళ్తే ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. బారోమీటర్ లేనప్పుడు యాప్ నేల ఎత్తుల పటం చూసి లెక్క చెబుతుంది. ఆ పటానికి ఫ్లైఓవర్ సంగతి తెలియకపోవచ్చు.

గుండె వేగం: వాచ్ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింది రక్త ప్రవాహంలో మార్పును చూసి లెక్క చెబుతుంది. హ్యాండిల్ అదురు, మణికట్టు వంపు, వదులు పట్టీ వల్ల ఆ లెక్క తప్పుతుంది. పిల్లల గుండె పెద్దల కంటే సహజంగానే వేగంగా కొట్టుకుంటుంది. 220 నుంచి వయసు తీసేసే లెక్క పెద్దల కోసం వేసిన ఉజ్జాయింపు. ఆ అంకె చూసి భయపడటం, లేదా 'ఇంకా పెంచు' అనడం రెండూ తగవు. తొక్కుతూ మాట్లాడగలుగుతున్నారంటే మామూలు శ్రమే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, అసాధారణమైన ఆయాసం ఉంటే వాచ్ ఏం చూపినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

క్యాలరీలు: ఇది కొలిచిన అంకె కాదు, బరువు, వేగం వంటి వాటితో వేసిన అంచనా. ఎదిగే పిల్లల విషయంలో దీన్ని పట్టించుకోకండి. వీలైతే ఆ అంకె స్క్రీన్ మీద కనిపించకుండా చేయండి. "ఇన్ని క్యాలరీలు కరిగాయి కాబట్టి ఇంత తినొచ్చు" అనే లెక్క మన పిల్లల అన్నం కంచం దగ్గరికి రాకూడదు.

మ్యాప్ ఇతరులకు ఏం చెబుతుంది?

తల్లిదండ్రులు అన్నింటి కంటే శ్రద్ధగా చదవాల్సిన భాగం ఇది.

రైడ్ ముగిశాక మిగిలే ఫైలులో ప్రతి చుక్కకూ అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం ఉంటాయి. జీపీఎక్స్ అనే రకం ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఇవన్నీ చదవవచ్చు. గీత ఎక్కడ మొదలైందో అక్కడే ఇల్లు. రోజూ సాయంత్రం 5:40కి మొదలవుతుంటే ఆ సమయానికి పిల్ల బయట ఉంటుందని అర్థం. ట్యూషన్, కరాటే క్లాసు, తాతయ్య ఇల్లు, అన్నీ నాలుగు వారాల మ్యాపుల్లో తేలిపోతాయి.

ఇది అతిశయోక్తి అనిపిస్తే సైన్యాలకు ఏం జరిగిందో చూడండి. స్ట్రావా అనే ప్రసిద్ధ వ్యాయామ యాప్ 2017 నవంబరులో తన వినియోగదారుల రైడ్లు, పరుగులన్నింటినీ కలిపి పేర్లు లేకుండా ఒక ప్రపంచ పటం విడుదల చేసింది. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన ఒక విద్యార్థి ఆ పటంలో ఎడారి ప్రాంతాల్లో వెలుగుతున్న గీతలను గమనించాడు. అవి సిరియా, అఫ్గానిస్తాన్ వంటి చోట్ల ఉన్న సైనిక స్థావరాల్లో సైనికులు వ్యాయామం చేసిన దారులు. 2024 అక్టోబరులో ఫ్రెంచి దినపత్రిక ల మోండ్, దేశాధ్యక్షుల అంగరక్షకులు ఇదే యాప్‌లో పెట్టుకున్న పరుగుల ఆధారంగా ఆ నాయకుల రాకపోకలను గుర్తించవచ్చని చూపించింది. భద్రతలో శిక్షణ పొందినవారే ఆ సెట్టింగును మరిచిపోయారు. మన పిల్లలు మరిచిపోవడంలో వింత లేదు.

దీనికి విరుగుడుగా రైడ్ మొదలైన చోటును, ముగిసిన చోటును దాచే సదుపాయం యాప్‌లలో ఉంది. స్ట్రావాలో గరిష్ఠంగా సుమారు 1,600 మీటర్ల వరకు దాచవచ్చు. కానీ కేవలం 200 మీటర్లు దాస్తే చాలదు. వేర్వేరు దిక్కులకు వెళ్లిన గీతలన్నీ ఒకే గుండ్రటి అంచు దగ్గర మొదలైతే, ఆ గుండ్రం మధ్యలో ఏముందో ఊహించడం కష్టం కాదు. గీతను దాచినా మొత్తం దూరం అంకెలో ఆ దాచిన భాగం కూడా కలిసి ఉంటే, ఆ తేడాను బట్టి ఇంటిని వెతికే వీలుందని బెల్జియంలోని కే.యూ. ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో చూపించారు.

అందువల్ల అన్నింటి కంటే తేలికైన, గట్టి పద్ధతి ఇది: నమోదు ఇంటి గేటు దగ్గర మొదలు పెట్టవద్దు. పార్కు గేటు, గుడి, బస్టాప్ లాంటి నలుగురూ తిరిగే చోట స్టార్ట్ నొక్కి, మళ్లీ అలాంటి చోటే స్టాప్ నొక్కాలి. లేని సమాచారాన్ని ఎవరూ తవ్వి తీయలేరు.

ఇంకో దారి మనమే తెరుస్తున్నాం. పిల్లవాడు మొదటిసారి 10 కిలోమీటర్లు తొక్కాడని సంతోషంతో ఆ మ్యాప్‌ను స్క్రీన్‌షాట్ తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, స్టేటస్‌లో పెడతాం. యాప్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా ఆ బొమ్మకు అవి వర్తించవు. దూరం, సమయం ఉన్న భాగం వరకే కత్తిరించి పెట్టండి. ఆనందం అంతే ఉంటుంది, దారి మాత్రం కనిపించదు.

ఖాతా తెరిచే ముందు చేయాల్సినవి

స్ట్రావా సహా ఇలాంటి చాలా యాప్‌ల నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండనివారు ఖాతా తెరవకూడదు. పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరిస్తే యాప్ దృష్టిలో ఆ పిల్ల పెద్ద మనిషి అవుతుంది. పిల్లల కోసం ఏవైనా రక్షణలు ఉంటే అవి పనిచేయవు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే సంస్థలు తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అనుమతి తీసుకోవాలని చెబుతుంది. ఈ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అవి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. చట్టం తన పని తాను చేస్తుంది. ఈలోగా మన చేతిలో ఉన్న పని ఇది:

1. ప్రొఫైల్, రైడ్ల దృశ్యత రెండింటినీ "నాకు మాత్రమే" అని మార్చండి. ఈ రెండూ వేర్వేరు సెట్టింగులు, ఒకటి మారిస్తే రెండోది తనంతట తాను మారదు.
2. ప్రొఫైల్‌లో పూర్తి పేరు, యూనిఫాంలో ఉన్న ఫోటో, పాఠశాల పేరు పెట్టవద్దు.
3. సైకిల్ ఫోటోలో ఇంటి నంబరు, వీధి బోర్డు పడకుండా చూడండి.
4. అందరి రైడ్లు కలిపి వేసే పటాల్లో మీ సమాచారం చేరకుండా ఆపే ఆప్షన్ ఉంటే ఆపేయండి.
5. లొకేషన్ అనుమతి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని ఉంచండి.
6. తెలియనివారి నుంచి వచ్చే ఫాలో అభ్యర్థనలను పిల్లలు మీకు చూపించాకే అంగీకరించాలని ముందే మాట అనుకోండి.
7. యాప్ అప్‌డేట్ అయినప్పుడు, ఫోన్ మార్చినప్పుడు ఈ సెట్టింగులను మళ్లీ ఒకసారి చూసుకోండి.

లైవ్ లొకేషన్: భద్రత ఎంత వరకు?

పిల్ల ఒంటరిగా సైకిల్ మీద వెళ్లినప్పుడు ఎక్కడుందో తెలుసుకోవాలని ఏ అమ్మకైనా అనిపిస్తుంది. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అనే మూడు వ్యవధుల్లో పంపవచ్చు. గంట రైడ్‌కు గంట పెడితే సరిపోతుంది. కుటుంబ సభ్యుల్లో ఒకరిద్దరికే పంపాలి, గ్రూపులో కాదు.

చిన్నపిల్లల కోసం అమ్మే సిమ్ వాచీలు కొనేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2017 నవంబరులో జర్మనీ ప్రభుత్వ నియంత్రణ సంస్థ, చుట్టుపక్కల మాటలు రహస్యంగా వినే సదుపాయమున్న పిల్లల స్మార్ట్‌వాచీల అమ్మకాన్ని నిషేధించింది. కొందరు తల్లిదండ్రులు వాటితో క్లాసులో టీచర్లు చెప్పే పాఠాలు కూడా వింటున్నారని ఆ సంస్థ గుర్తించింది. వాచ్‌లో అలాంటి సదుపాయం ఉంటే అది ఆపివేయగలిగేదై ఉండాలి. తయారీ సంస్థ పేరు, పాస్‌వర్డు మార్చుకునే వీలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఉన్నాయో లేదో చూడకుండా ధర ఒక్కటే చూసి కొనవద్దు.

అన్నింటికీ ముందు, లొకేషన్ చూస్తున్న సంగతి పిల్లలకు చెప్పి చూడండి. చెప్పకుండా చూస్తే ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు అది ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత ఫోన్ స్నేహితుడి ఇంట్లో ఉంటుంది, పిల్లవాడు ఇంకెక్కడో ఉంటాడు. "నువ్వు చెరువు కట్ట దాటాక ఒక మెసేజ్ పెట్టు, 6:30కి రాకపోతేనే నేను మ్యాప్ చూస్తాను" అనే ఒప్పందం ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది. లైవ్ చుక్క ఆగిపోతే వెంటనే కంగారు పడకండి, సిగ్నల్ లేకపోయినా చుక్క ఆగుతుంది. ముందు ఫోన్ చేయండి. పిల్లలకు మీ నంబరు కంఠతా వచ్చి ఉండాలి, చార్జింగ్ అయిపోయినప్పుడు అదొక్కటే పనికొస్తుంది.

రైడ్ ఇంకో ర్యాంకు లిస్టు కాకూడదు

కొన్ని యాప్‌లు రోడ్డులో ఒక ముక్కను ఎంచుకుని, దాన్ని ఎవరు అందరి కంటే వేగంగా దాటారో పట్టిక వేస్తాయి. పెద్దల్లో సైతం దీని మోజు ప్రమాదకరంగా మారింది. 2010లో అమెరికాలోని బెర్క్‌లీ కొండ దారిలో ఒక సైక్లిస్టు, చేజారిన తన రికార్డును తిరిగి సంపాదించాలని దిగుడులో వేగంగా వెళ్తూ ప్రమాదానికి గురై మరణించాడు. దిగుడులో, ట్రాఫిక్‌లో, మలుపుల్లో వేగం ఎంత పెరిగితే ఆగడానికి పట్టే దూరం అంతకు మించి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. ఇది పదో తరగతి లోపే పిల్లలు చదివే భౌతిక శాస్త్రమే.

పరీక్షల్లో మార్కులు, ర్యాంకులు ఎలాగూ ఉన్నాయి. సాయంత్రం సైకిల్ దగ్గరైనా ఆ పట్టిక లేకుండా ఉండనిద్దాం. లీడర్‌బోర్డులు ఆపేయండి. పిల్లలు వేగం గురించి చెబితే వినండి, కానీ మీరు అడిగే మొదటి ప్రశ్న "ఎంత స్పీడు?" కాకుండా "ఏం చూశావు?" అయితే బాగుంటుంది. లక్ష్యం పెట్టాలనుకుంటే వేగం మీద కాదు, వారంలో ఎన్ని రోజులు తొక్కారనే దాని మీద పెట్టండి. ఒక రోజు తప్పితే మందలింపు వద్దు.

వాహనాలు లేని దారులను ఎంచుకోవడం కూడా ఇందులో భాగమే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల పైకప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. అలాంటిది దగ్గర్లో లేని ఊళ్లలో తెల్లవారుజామున కాలనీ లోపలి రోడ్లు, స్టేడియం చుట్టుదారి మేలు. హెల్మెట్, పనిచేసే రెండు బ్రేకులు, వెనక ఎర్ర లైటు ఉన్నాయో లేదో చూశాకే యాప్ సంగతి.

ఏ వయసుకు ఏది?

• 10 ఏళ్ల లోపు: యాప్ ఖాతా వద్దు. తోడుగా వెళ్లే పెద్దల ఫోన్‌లో నమోదు, లేదా సైకిల్ మీటర్ చాలు.
• 10 నుంచి 13 ఏళ్లు: తల్లి లేదా తండ్రి ఫోన్, వారి ఖాతా, అంతా ప్రైవేటు. పిల్లలు అంకెలను నోటు పుస్తకంలో రాసుకోవచ్చు.
• 13 ఏళ్లు దాటాక: పైన చెప్పిన ఏడు సెట్టింగులను ఇద్దరూ కలిసి కూర్చుని పెట్టండి. ఏది ఎందుకు మారుస్తున్నారో పిల్లలతోనే చెప్పించండి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

కావలసినవి: సైకిల్, సుద్దముక్క, కొలత టేపు, ఫోన్.

టైరు నేలకు ఆనిన చోట సుద్దతో టైరు మీద, నేల మీద ఒక గీత పెట్టండి. పిల్లలను సీటు మీద కూర్చోబెట్టి, ఆ గీత మళ్లీ నేలకు ఆనేవరకు సైకిల్‌ను నిటారుగా ముందుకు నెట్టండి. అక్కడ నేల మీద రెండో గీత పెట్టి, మధ్య దూరం కొలవండి. 20 అంగుళాల చక్రమైతే సుమారు ఒకటిన్నర మీటరు వస్తుంది. అంటే కిలోమీటరుకు దాదాపు 667 చుట్లు.

ఇప్పుడు కాలనీలో కొంత దూరం సైకిల్‌ను నడిపిస్తూ, సుద్ద గీత కిందికి వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టండి. 100 చుట్లు అయ్యాక వచ్చిన దూరాన్ని ఫోన్ చూపిన దూరంతో పోల్చండి. తేడా ఎంత? చెట్ల కింద చేస్తే ఎంత, మైదానంలో చేస్తే ఎంత? చిన్న తరగతుల వారు గుణకారం చేస్తారు, పెద్ద తరగతుల వారు వ్యాసంతో చుట్టుకొలత లెక్కగట్టి, కొలిచిన దానికంటే అది ఎందుకు కొంచెం ఎక్కువ వచ్చిందో ఆలోచిస్తారు. మనిషి బరువుకు టైరు కాస్త అణగడమే అందుకు ఒక కారణం.

ఆ లెక్కలను పిల్లలు నోటు పుస్తకంలో రాసి మ్యాథ్స్ టీచర్‌కు చూపించవచ్చు. పట్టిక, అంకెలు ఉంటే చాలు. మీ వీధి మ్యాప్ మాత్రం జత చేయవద్దు.